కప్పు మీద పుర్రె

1909 నవంబరులో లండన్ నుంచి పమేలా కోల్మన్ స్మిత్ అనే చిత్రకారిణి న్యూయార్క్‌లో ఉన్న ఆల్‌ఫ్రెడ్ స్టీగ్లిట్జ్‌కి ఒక ఉత్తరం రాసింది. స్టీగ్లిట్జ్ ఫొటోగ్రాఫరు, అంతకు రెండేళ్ల కిందట తన గ్యాలరీలో ఆమె బొమ్మలను ప్రదర్శనకు పెట్టినవాడు. చాలా తక్కువ డబ్బుకి పెద్ద పనొకటి ఇప్పుడే ముగించానని, జోస్యం చెప్పే టారో కార్డుల కోసం 80 బొమ్మలు గీశానని, అచ్చయ్యాక ఒక డెక్, అంటే కార్డుల కట్ట, పంపిస్తానని అందులో చెప్పింది. రంగుల్లో, లిథోగ్రఫీలో, అంటే రాతి అచ్చులో వేస్తున్నారని చెబుతూనే పక్కన ఒక చిన్న మాట తగిలించింది. బహుశా చాలా అధ్వాన్నంగా వేస్తారని.

అచ్చు చూడకముందే అచ్చు మీద ఆశ వదులుకుంది ఆవిడ. ఇవాళ అదే అచ్చు కోసం పాత డెక్కులు సేకరించేవాళ్లు వేలంపాటల్లో పోటీలు పడుతున్నారు. అది కొనే స్తోమత లేనివాళ్లు "ఒరిజినల్ రంగుల్లో" అని అట్టపెట్టె మీద రాసిన కొత్త ముద్రణ కొనుక్కుని తృప్తి పడుతున్నారు. నా దగ్గరికి కార్డులు చూపించుకోవడానికి వచ్చేవాళ్లలో కూడా ఈ మధ్య కొందరు కూర్చోకముందే అడుగుతున్నారు, "అక్కా, ఇది ఒరిజినల్ డెక్కేనా?" అని. యూట్యూబ్ చూసి వస్తారు. సమాధానం చెప్పాలంటే ఒక పూట పడుతుంది. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

నేను హన్మకొండలో శుభలేఖలు, పాంఫ్లెట్లు, కాలెండర్లు డిజైన్ చేస్తాను. టారో నా సాయంత్రం వ్యాపకం. కాబట్టి డెక్ చేతికొస్తే ముందు చూసేది భవిష్యత్తు కాదు, అచ్చు. నా వాదన ఒకటే. పాత ముద్రణ గొప్పదా కొత్తది గొప్పదా అన్న గొడవంతా రంగుల చుట్టూ తిరుగుతోంది. తిరగాల్సింది గీత చుట్టూ.

టారో నిజమా అబద్ధమా అన్నది ఇక్కడ తేల్చబోవడం లేదు. రోడ్డు పక్కన చెట్టు కింద చిలక జోస్యం చెప్పించుకున్నవాళ్లకి, జాతరలో చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని రోబో చెప్పే జాతకం విన్నవాళ్లకి ఆ ప్రశ్న కొత్తదేం కాదు. కాకపోతే ఒక తేడా ఉంది. చిలకకి కార్డు మీది బొమ్మతో పని లేదు, గింజతోనే పని. టారోలో తీసిన కార్డుని మనిషి చూసి చెప్పాలి. చూడ్డానికి బొమ్మ కనబడాలి కదా. నా రాద్ధాంతమంతా దాని గురించే.

ముందు ఈ డెక్ పుట్టుక. ఆర్థర్ ఎడ్వర్డ్ వెయిట్ అనే రచయిత బొమ్మలెలా ఉండాలో చెప్పాడు, స్మిత్ గీసింది, లండన్‌లోని విలియం రైడర్ అండ్ సన్ 1909 చివర్లో అచ్చేసింది. డెక్‌లో 78 కార్డులు, ఉత్తరంలోని 80 ఆమె చెప్పిన లెక్క. మొదటి విడత ప్రతులు చాలా తక్కువ, వాటి వెనకవైపు గులాబీలు, లిల్లీలు. ఆ అట్ట బాగోలేదు. 1910 మార్చికల్లా మంచి అట్ట మీద పెద్ద విడత వేశారు. ఈ రెండో విడత వెనకవైపు డిజైన్‌కి సేకరించేవాళ్లు పెట్టుకున్న పేరు "పగిలిన బురద". ఏప్రిల్‌లో నీళ్లింకిపోయిన చెరువులో అడ్డదారిన నడిచిన మనవాళ్లెవరైనా ఆ నెర్రెల్ని చూడగానే గుర్తుపడతారు. అంటే "మొట్టమొదటి ముద్రణే ఉత్తమం" అనేవాళ్ల మాటను ఆ ప్రచురణకర్తే నాలుగు నెలల్లో కొట్టేశాడన్నమాట.

1939 దాకా రైడర్ కంపెనీ దీన్ని రకరకాలుగా వేస్తూనే ఉంది. సేకరించేవాళ్లు వీటిని ప్యామ్-ఏ, ప్యామ్-బి, ప్యామ్-సి, ప్యామ్-డి అని నాలుగు రకాలుగా విడదీశారు. ఇవి ఒకే ప్లేట్ల నుంచి వచ్చిన నాలుగు విడతలు కావు. ఎవరో మళ్లీ గీసి ప్లేట్లు చేశారు. పక్కపక్కన పెట్టి చూస్తే గీత గీతకీ తేడా తెలుస్తుంది. ఒకదాంట్లో నోరు బిగిసి ఉంటుంది, ఇంకోదాంట్లో అదే నోరు ఊరికే ఒక అడ్డగీత. తర్వాత యుద్ధం వచ్చింది. లండన్ మీద పడ్డ బాంబుల్లో ప్లేట్లు పోయాయని చెబుతారు. స్మిత్ గీసిన అసలు బొమ్మలు కూడా లేవు.

ఈ ఒక్క విషయం దగ్గర ఆగాలి. అసలు బొమ్మలు లేనప్పుడు "అసలు రంగు" అనేది ఎక్కడుంది? 1910 డెక్‌లో ఫూల్ అనే కార్డు మీద మనిషి వెనక ఉన్న పసుపు ఒక అచ్చు కార్మికుడి పసుపు. ఆ రోజుల్లో రంగుల లిథోగ్రఫీ అంటే ఒక్కో రంగుకి ఒక్కో రాయి, లేదా ప్లేటు. నీడలు కావాలంటే ఆ రాయి మీద చేత్తోనే సన్నని చుక్కలు పెట్టేవాళ్లు. ఇంకు ఎంత చిక్కగా కలపాలో ఆ పూట మిషన్ దగ్గర నిలబడ్డవాడే తేల్చేవాడు. మా దగ్గర శుభలేఖలకు ఇచ్చే కుంకుమ రంగే పొద్దున ఒకలా, మధ్యాహ్నం ఒకలా వస్తుంది. అలాంటిది నూట పదిహేనేళ్ల కిందటి పసుపులో మర్మాలు వెతికేవాళ్లని చూస్తే నాకు నవ్వొస్తుంది.

పైగా కాగితం ముదురుతుంది. తెల్లటి అట్ట వందేళ్లలో గోధుమ రంగుకి తిరుగుతుంది, ఇంకులు వెలుస్తాయి. అలాంటి ప్రతిని ఫొటో తీసి కొత్తగా అచ్చేస్తే ఆ వయసు కూడా రంగై కార్డు మీద కూర్చుంటుంది. స్మిత్ డెక్‌కి నూరేళ్లు నిండిన 2009లో పాత ప్రతి ఆధారంగా యు.ఎస్. గేమ్స్ అనే అమెరికా కంపెనీ తెచ్చిన ముద్రణలో రంగులు మెత్తగా, కొంచెం మాసినట్టుగా ఉంటాయి. చాలామందికి అదే నచ్చింది, "ఇదీ అసలు రంగంటే" అన్నారు. 1910లో పెట్టె విప్పినవాడి కళ్లకు ఆ డెక్ అలా కనిపించి ఉండదు కదా! వాడికి అది కొత్త డెక్. తెల్లగా, తాజాగా, బహుశా కొంచెం గాఢంగానే ఉండి ఉంటుంది.

అదే కంపెనీ 1971 నుంచి వేస్తున్న పసుపు పెట్టె డెక్‌ని అందరూ తిడతారు. ఆ కంపెనీ పెట్టిన స్టువర్ట్ కాప్లాన్ అనే వ్యాపారి 1968లో జర్మనీలోని న్యూరెంబర్గ్ బొమ్మల సంతలో స్విట్జర్లాండ్ టారో ఒకటి చూసి, దాన్ని అమెరికాలో అమ్మడం మొదలుపెట్టి, మూడేళ్లకి రైడర్ డెక్ కూడా తీసుకొచ్చాడు. ఇవాళ మన వీధుల్లో దాకా టారో వచ్చిందంటే దాంట్లో ఆయన వాటా పెద్దదే. ఆ డెక్‌లో పసుపు కళ్లలో గుచ్చుతుంది, ఎరుపు అరుస్తుంది, ఒప్పుకుంటాను. కానీ నల్లగీత నల్లగా ఉంటుంది. తెగదు, చెదరదు. నా చేతిలో రోజూ ఆడేది అదే.

గీత ఎందుకంత ముఖ్యమో చెప్పాలంటే కార్డు కొలత చెప్పాలి. మామూలు టారో కార్డు 70 మిల్లీమీటర్ల వెడల్పు, 120 పొడవు. రమ్మీ పేకముక్క కన్నా ఒక వరస పెద్దది, అంతే. అందులో మనిషి, గుర్రం, కోట, నది, కొండ అన్నీ ఉండాలి. ముఖం చిటికెనవేలి గోరంత కూడా ఉండదు. కన్ను అంటే ఒక చుక్క, నోరు అంటే ఒక చిన్న గీత. ఆ గీత వెంట్రుకవాసి పైకి లేస్తే నవ్వు, కిందికి వంగితే ఏడుపు, మసకబారితే ఏమీ లేదు. స్మిత్ లండన్ లైసియం నాటకాల కంపెనీతో తిరిగిన మనిషి, బొమ్మల రంగస్థలాలు చేసిన మనిషి. ఆమె కార్డులు చాలావరకు నాటకంలో ఒక రంగం లాగే ఉంటాయి. నేల ఒక గీత, వెనక ఒక తెర, ముందు ఒకరో ఇద్దరో నిలబడి ఏదో చేయబోతుంటారు. ఆ చేయబోవడం ముఖంలో, చేతివేళ్లలో కనబడాలి. ఆకాశం పసుపైతేనేం, లేత పసుపైతేనేం?

1990లో స్మిత్ బొమ్మలకే మేరీ హ్యాన్సన్-రాబర్ట్స్ కొత్తగా రంగులు వేసిన యూనివర్సల్ వెయిట్ అనే డెక్ వచ్చింది. నీడలు నున్నగా, బుగ్గలు గులాబీ రంగులో, అందరూ ఆరోగ్యంగా ఉంటారు. కొత్తగా నేర్చుకునేవాళ్లకి చాలామంది గురువులు దాన్నే చెబుతారు. నాకు నచ్చదు. స్మిత్ మనుషులకి ఉన్న ఆ బిగుసుకుపోయిన, ఏ సంగతీ బయటపెట్టని ముఖాలు ఇందులో మెత్తబడ్డాయి. బాధలో ఉన్నవాళ్లు కూడా ఫొటో స్టూడియోకి వచ్చినట్టుంటారు. కానీ ఇది రుచి సంగతి, కనీసం దాన్ని ఒక మనిషి కూర్చుని, చూసి, చేతితో చేసింది. నా అసలు కోపం వేరేవాటి మీద.

ఆన్‌లైన్‌లో మూడు నాలుగు వందలకి దొరికే డెక్కుల సంగతి. పెట్టె బాగుంటుంది, అంచులకు బంగారు పూత కూడా ఉంటుంది. పుస్తకం ఉండదు, బదులుగా ఒక క్యూఆర్ కోడ్ ఉంటుంది. స్కాన్ చేస్తే ఒక్కోసారి తెరుచుకుంటుంది. అలాంటిదొకటి ఒకమ్మాయి తెచ్చి చూపిస్తే నేను దాన్ని మాకు అచ్చుపని చేసిపెట్టే ప్రెస్సతని దగ్గరికి తీసుకెళ్లాను. వరంగల్‌లో ఆఫ్‌సెట్ మిషన్ల మధ్య పెరిగినవాడు. లెన్స్ పెట్టి ఒక్క చూపు చూసి, "అక్కా, ఇది అచ్చును జూసి ఏసిన అచ్చు. గీత ఏడున్నదో మిషన్‌కే తెల్వలే" అన్నాడు.

ఆయన మాటకి అర్థం చెబుతాను. పాత లిథోగ్రఫీలో నలుపు గీతకి దాని ప్లేటు దానికుండేది. గీత అంటే గీతే, అంచు తెగ్గొట్టినట్టు ఉంటుంది. ఇప్పటి ఆఫ్‌సెట్‌లో బొమ్మంతా నాలుగు రంగుల సన్నని చుక్కలుగా విడిపోతుంది. అసలు బొమ్మ నుంచి నేరుగా తీస్తే అదేం ఇబ్బంది కాదు. కానీ అప్పటికే చుక్కలతో అచ్చయిన కార్డుని స్కాన్ చేసి, దాన్ని మళ్లీ చుక్కలుగా విడగొడితే, పాత చుక్కలూ కొత్త చుక్కలూ ఒకదానికొకటి అడ్డుపడి గళ్లు గళ్లుగా తేలతాయి. ఆ గళ్లు పోగొట్టడానికి కంప్యూటర్‌లో బొమ్మని కొంచెం మసక చేస్తారు. మసకతో పాటు గీత కూడా మసకవుతుంది. తర్వాత దాన్ని సరిచేయడానికి కాంట్రాస్ట్ పెంచుతారు. అప్పుడు గీత లావెక్కుతుంది, కన్నూ కనుబొమ్మా కలిసిపోతాయి. ఆపైన నల్లగీత నాలుగు ప్లేట్ల మీదా ఉంటుంది కాబట్టి రిజిస్ట్రేషన్, అంటే ఒక రంగు మీద ఇంకో రంగు సరిగ్గా కూర్చోవడం, వెంట్రుకంత తప్పినా ముక్కు పక్కన ఎర్రటి నీడ ఇంకో ముక్కులా తేలుతుంది. ఊరి పెళ్లికార్డు మీద పాత కార్డు నుంచి స్కాన్ చేసి వేసిన వినాయకుడిని దగ్గరగా చూడండి, నేను చెప్పేది తెలుస్తుంది.

ఇక అసలు విషయానికి వస్తాను. సెవెన్ ఆఫ్ కప్స్ అనే కార్డుంది. మబ్బు మీద ఏడు కప్పులు, వాటి ముందు వీపు మనకు చూపిస్తూ నల్లగా ఒక మనిషి. ఒక కప్పులో తల, ఒకదాంట్లో ముసుగు కప్పుకుని వెలుగుతున్న ఆకారం, పాము, కోట, నగలు, విజయానికి గుర్తైన ఆకుల దండ, డ్రాగన్. దండ ఉన్న కప్పుని జాగ్రత్తగా చూస్తే దాని మీద సన్నగా ఒక పుర్రె కనబడుతుంది. స్మిత్ దాన్ని కావాలనే పైకి కనబడకుండా గీసింది. గెలుపు దండ కింద చావు. ఈ కార్డు మొత్తానికి ప్రాణం ఆ పుర్రెలో ఉంది. ఊరించే ఏడింటిలో అన్నిటికన్నా మర్యాదగా కనబడే దాని కిందే ఆ పుర్రె ఉందని చెప్పే కార్డు ఇది.

ఆ అమ్మాయి తెచ్చిన డెక్‌లో పుర్రె లేదు. కప్పు మీద బూడిదరంగు మరక ఉంది.

గ్రూప్స్‌కి ప్రిపేరయ్యే పిల్లలు హన్మకొండలో ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. వాళ్లలో ఒకరికి ఈ కార్డు వచ్చిందనుకోండి. మరక ఉన్న డెక్ పెట్టుకున్న రీడరు దండని చూపించి "విజయం ఉంది, ఏదో ఒకటి ఎంచుకో" అంటాడు. పుర్రె ఉన్న డెక్ పెట్టుకున్న రీడరు "ఆ దండకి నువ్విస్తున్న వెల ఎంతో చూసుకో" అంటాడు. జోస్యం నిజమైనా కాకపోయినా ఈ రెండు మాటలూ ఒకటి కాదు. వినేవాడు ఇంటికి వేరే వేరే ఆలోచనలతో వెళతాడు.

నైన్ ఆఫ్ స్వోర్డ్స్ కూడా ఇంతే. మంచం మీద లేచి కూర్చుని చేతుల్లో ముఖం దాచుకున్న మనిషి. కప్పుకున్న దుప్పటి మీద గళ్లు, ఒక గడిలో గులాబీ, ఒక గడిలో రాశుల, గ్రహాల గుర్తులు. మంచం పక్క చెక్క మీద ఇద్దరు కొట్లాడుతున్న చెక్కడం, ఒకడు ఇంకొకడిని పడగొడుతున్నాడు. పీడకల ఏమిటో మంచం మీదే రాసి ఉందన్నమాట. చౌక అచ్చులో గుర్తులు పిచ్చిగీతలవుతాయి, చెక్కడం చెక్క మీది గీరుడులా మిగులుతుంది.

"కార్డు మీద అంత చూడక్కర్లేదు, మనసుకి తోచింది చెప్పాలి" అని కొందరు రీడర్లు నాతో వాదిస్తారు. మనసుకి తోచిందే చెప్పేట్టయితే 78 బొమ్మలెందుకండీ, తెల్లకాగితం పెట్టుకుని చెప్పొచ్చు.

మరైతే పాతదే మంచిదని నేనే ఒప్పుకున్నట్టా? కాదు. స్మిత్ డెక్ విషయంలో పాత ముద్రణకి విలువ దాని వయసు వల్ల రాలేదు. అసలు బొమ్మలు పోయాయి కాబట్టి, ఆమె చేతికి అందరికన్నా దగ్గరగా ఉన్న గీత 1910 అచ్చులో మిగిలింది. అసలు బొమ్మలు ఉండి ఉంటే ఆ అచ్చుని ఎవరూ పట్టించుకోవాల్సిన పని లేదు. దీనికి రుజువు థోత్ డెక్. అలిస్టర్ క్రౌలీ అనే ఇంగ్లిష్ మంత్రవాది కోసం లేడీ ఫ్రీడా హ్యారిస్ 1938 నుంచి 1943 దాకా వేసిన వాటర్‌కలర్ బొమ్మలవి. క్రౌలీ 1947లో పోయాడు. హ్యారిస్ చివరికి మన దేశానికే వచ్చి శ్రీనగర్‌లో ఉండి 1962లో అక్కడే కన్నుమూసింది. డెక్‌గా అచ్చయింది 1969లో, ఇద్దరూ పోయాక. ఆ మొదటి అచ్చు ఏమంత బాగోలేదు. 1977లో బొమ్మలను మళ్లీ ఫొటోలు తీసి మెరుగైన ముద్రణ తెచ్చారు, తర్వాత 1986లో ఇంకోసారి సవరించారు. బొమ్మలు భద్రంగా ఉన్నాయి కాబట్టి ప్రతి కొత్త ముద్రణా అసలుకి ఒక అడుగు దగ్గరయ్యే అవకాశం ఉంది. ఇక్కడ "మొదటి ముద్రణ" కోసం డబ్బు పోసేవాడు ముచ్చట కోసం పోస్తున్నాడు. తప్పులేదు, కాకపోతే దానికి మహత్తు అంటగట్టకూడదు.

ఫ్రాన్సులోని మార్సెయ్ ఊరి పేరున్న టారోది ఇంకో కథ. అక్కడ చెక్క అచ్చు, దాని మీద స్టెన్సిల్ పెట్టి రంగులు. స్టెన్సిల్ జరిగితే రంగు గీత దాటుతుంది. మార్సెయ్‌లో నికోలా కొన్వేర్ 1760 నాటి డెక్ పేరుపొందింది. పందొమ్మిదో శతాబ్దంలో అచ్చు మిషన్లు వచ్చాక రంగులు తగ్గి, గట్టిపడ్డాయి. 1930లో గ్రిమో కంపెనీ పాల్ మార్తో చేతుల మీదుగా తెచ్చిన డెక్ ఆ గట్టి రంగులనే స్థిరపరిచింది, ఒకటి రెండు తరాలు దాన్నే ప్రాచీనం అనుకున్నాయి. 1997లో ఫిలిప్ కామొవాన్, సినిమా దర్శకుడు హొడొరొవ్‌స్కీ కలిసి పాత ప్రతులన్నీ చూసి సరిదిద్దామంటూ ఇంకో డెక్ తెచ్చారు. అందులో రంగులు ఎక్కువ, గుర్తులు ఎక్కువ. కొన్ని పాతవే బయటపడ్డాయో, వాళ్ల ఉత్సాహం కలిపిందో అన్నది ఇప్పటికీ తగువే. వీళ్లంతా "మాదే అసలు" అన్నవాళ్లే. మిలాన్ దొరల కోసం పదిహేనో శతాబ్దంలో చేత్తో వేసిన విస్కోంటి-స్ఫోర్జా కార్డులైతే 74 మిగిలాయి, డెవిల్, టవర్, త్రీ ఆఫ్ స్వోర్డ్స్, నైట్ ఆఫ్ కాయిన్స్ లేవు. ఇప్పుడు అచ్చయ్యే డెక్కుల్లో ఆ నాలుగింటినీ ఈ కాలపువాళ్లు గీసి కలుపుతారు. ఎవరికీ అభ్యంతరం లేదు, డెక్ వాడాలి కాబట్టి.

వాడాలి అన్న మాట దగ్గర నాకు చేర్యాల గుర్తొస్తుంది. ఒకప్పుడు మా వరంగల్ జిల్లా, ఇప్పుడు సిద్దిపేట. అక్కడి నకాషీలు వేసే పటాలు గోడకి తగిలించుకోవడానికి పుట్టినవి కావు. కులపురాణం చెప్పేవాళ్లు పటం విప్పుకుంటూ, ఒక్కో బొమ్మా చూపించుకుంటూ కథ చెప్పడానికి చేయించుకున్నవి. పద్మశాలీలకు మార్కండేయ పురాణం, గౌడలకు గౌడ పురాణం, ఇలా. ఖాదీ గుడ్డకి గంజి, తెల్లమట్టి, చింతగింజల జిగురు పట్టించి, దాని మీద ఎర్రటి నేల, నల్లటి గీత. వాడి వాడి పటం చిరిగి బొమ్మ పోతే కొత్తది గీయించుకునేవాళ్లు, పాతదాన్ని శాస్త్రోక్తంగా నీళ్లలో వదిలేసేవాళ్లని చెబుతారు. మొదటి ప్రతి అని ఎవరూ దాచిపెట్టుకోలేదు. గుంపులో వెనక కూర్చున్నవాడికి కథానాయకుడి కన్ను కనబడాలి, అదే లెక్క. ఇప్పుడు పాత పటాలను మ్యూజియంలలో దాచడం మేలే, నిజమే. కానీ కథకుడి లెక్క కథకుడిది. టారో రీడరుది కూడా ఆ లెక్కే ఉండాలంటాను నేను.

కాగితం గురించి చెప్పకపోతే ప్రెస్సతను ఊరుకోడు. మన దగ్గర మే నెలలో 44 డిగ్రీలు, జులైలో గోడలకు చెమట. పల్చటి అట్ట మీద ఒకవైపే లామినేషన్ చేసిన కార్డు మొదటి వానకే పడవలా వంగుతుంది. మెరిసే గ్లాసీ లామినేషన్ అయితే చెమట చేతికి అంటుకుని రెండు కార్డులు ఒకటిగా వస్తాయి. కొందరు పౌడరు చల్లుతారు, దాంతో తెల్లటి పొర మిగులుతుంది. ట్యూబ్‌లైట్ కింద ఆ మెరుపులో సగం బొమ్మ కనబడదు. పాత డెక్కులని మెచ్చుకోవాల్సింది ఏమైనా ఉందంటే అట్టని మెచ్చుకోవాలి. వాటికి లామినేషన్ లేదు, గట్టి అట్ట, చేతిలో బరువు తెలుస్తుంది.

నకిలీ డెక్కులంటే ఏదో ఈ ఫోన్ల కాలం రోగం అనుకోకండి. 1918లోనే షికాగోలో డి లారెన్స్ అనేవాడు ఈ కార్డుల గురించి వెయిట్ రాసిన పుస్తకాన్ని తన పేరు పెట్టుకుని అచ్చేశాడు. వెయిట్, స్మిత్ ఇద్దరూ అప్పటికి బతికే ఉన్నారు. నా అభ్యంతరం నకలు తీయడం మీద కాదు. స్మిత్ 1951లో చనిపోయింది. మన చట్టంలో కాపీరైట్ రచయిత పోయాక 60 ఏళ్లు, అంటే 2012 నుంచి ఆమె బొమ్మలని ఇండియాలో ఎవరైనా అచ్చేసుకోవచ్చు. బ్రిటన్‌లో 70 ఏళ్లు కాబట్టి అక్కడ 2022 నుంచి. ఆమెకి ఈ డెక్ మీద రాయల్టీ రాలేదు, కార్న్‌వాల్‌లో బ్యూడ్ అనే ఊళ్లో అప్పులతో పోయింది, ఆ అప్పులు తీర్చడానికి ఇంట్లో సామాను అమ్మారు. దశాబ్దాల పాటు పెట్టె మీద రైడర్ పేరు, వెయిట్ పేరు ఉన్నాయి, ఆమె పేరు లేదు. ఇప్పుడిప్పుడే చేరుస్తున్నారు. పాత ముద్రణలకీ కొత్తవాటికీ ఉన్న తేడాల్లో కొత్తవాటికి పూర్తి మార్కులు వేయగలిగింది ఇక్కడే.

హక్కుల అడ్డంకి లేదు, మిషన్లు ఉన్నాయి, శివకాశి దాకా వెళ్లక్కర్లేదు. మరి మంచి ముద్రణ మన దగ్గర ఎందుకు రాదు? ఈ మాటే ప్రెస్సతన్ని అడిగాను. ఇద్దరం కూర్చుని లెక్క వేశాం. మొదటి పని, 1910 నాటి ప్రతి స్కాన్ దగ్గర పెట్టుకుని నల్లగీతని మాత్రం చేత్తో మళ్లీ గీయాలి, ముఖ్యంగా ముఖాలు. అది నేను చేస్తాను, ఏడాది పట్టినా సరే. గీతకి నలుపు ప్లేటు విడిగా, మిగతా మూడు ప్లేట్ల మీద గీత ఆనవాలు ఉండకూడదు. రంగులు తేటగా, తెల్లటి కాగితం తెల్లగానే. 330 జీఎస్‌ఎం అట్ట, లామినేషన్ బదులు రెండువైపులా వార్నిష్. ఈ డెక్‌కి చుట్టూ తెల్ల అంచు ఉంటుంది కాబట్టి కార్డుకీ కార్డుకీ మధ్య ఖాళీ వదలక్కర్లేదు. 20×30 అంగుళాల షీటులో అటు ఆరు, ఇటు ఏడు, మొత్తం 42 పడతాయి, మిషన్ పట్టుకోవడానికి అంచు కూడా మిగులుతుంది. రెండు షీట్లకి 84. డెక్‌కి 78 పోతే ఆరు మిగులుతాయి.

"ఆ ఆరింటిల ఏమేద్దామక్కా, ఖాళీగ ఉంచితే అట్ట దండుగ" అన్నాడు. ఒకదాని మీద స్మిత్ పేరు, పుట్టిన, పోయిన సంవత్సరాలు, తక్కువ డబ్బుకి పెద్ద పని అన్న ఆమె మాట వేయమన్నాను. రెండోదాని మీద సెవెన్ ఆఫ్ కప్స్‌లోని ఆ కప్పు ఒక్కటే నాలుగింతలు పెద్దగా, పుర్రెతో సహా. మూడోదాని మీద ఎవరు గీతలు తిరిగి గీశారో, ఏ ప్రెస్సులో, ఏ మిషన్ మీద, ఎవరు ఇంకు కలిపారో పేర్లతో. మిగతా మూడింటి సంగతి ఇంకా తేలలేదు. వెయ్యి సెట్లకి తక్కువైతే మిషన్ ఎక్కించనని మాత్రం తేల్చి చెప్పాడు.